నిప్పు లోపల పెట్టుకున్న అత్త

మొన్న ఆదివారం పొద్దున్న మా ఎదురింటి అత్త పోయింది. నోటి కేన్సరు. ఖరగ్‌పూర్ పూరీ గేట్ దగ్గర మా రైల్వే క్వార్టర్లలో ఆవిడ తెలీనివాళ్ళు లేరు. మాకేమీ రక్తసంబంధం లేదు, ఎదురు గుమ్మం సంబంధం, అంతే. అయినా ఇది నేనే రాయాలి. ఆవిడ చావులో నా చేతిరాత కూడా ఉంది.

అత్త చుట్ట తాగేది. శ్రీకాకుళం పక్క నుంచి పెళ్ళయి ఖరగ్‌పూర్ వచ్చినప్పుడే ఆ అలవాటు కూడా వచ్చింది. మామూలుగా కాదు, అడ్డపొగ. వెలిగించిన కొస నోట్లో, రెండో కొస బయట. మా అమ్మా అంతే. మా వైపు పెద్ద ఆడాళ్ళు చాలామంది అంతే. అంట్లు తోముతూ, బియ్యం ఏరుతూ, నోట్లో నిప్పుతోనే అత్త నాతో కబుర్లు చెప్పేది. అలా తాగితే గాలికి ఆరదు, చంటిపిల్లల మీద రవ్వ పడదు, మగాళ్ళకి కనబడదు.

"నిప్పు లోపలుంటే ఎవుడికీ తెల్దే," అనేది.

పొయ్యి మీంచి దించిన టీ ఊదకుండా తాగేది. మేం పిల్లలం నోరెళ్ళబెట్టి చూసేవాళ్ళం. "నా నోరెప్పుడో కాలిపోనాది, ఇంకేటి కాల్తాది?" అని నవ్వితే మేమూ నవ్వినాం. అది తలుచుకుంటే ఇప్పుడు నామీద నాకే అసహ్యం వేస్తాది.

మంచి మనిషి అని రాసేస్తే సరిపోదు. నాకు పరీక్షలంటే మా అమ్మతో పోట్లాడి నన్ను తన వంటింట్లో కూచోబెట్టుకునేది. గోల్‌బజార్‌లో ఆవిడ బేరానికి చేపలమ్మే బెంగాలీ దాదా దండం పెట్టేవాడు. నాకు బడిలో ఉద్యోగం వచ్చినాక 'మేస్టరమ్మా' అని పిలవడం మొదలెట్టింది, ఎంత వద్దన్నా మానలేదు.

నాలుగేళ్ళ కిందట మా బడిలోనే కేన్సరు పరీక్షల క్యాంపు పెట్టినారు. డాక్టరు దీదీ బెంగాలీ మాట మా ఆడాళ్ళకి సగమే అర్థమవుతాది, అంచేత కాయితాలు నింపే పని నాది. గుట్కా, ఖైనీ, బీడీ, చుట్ట, ఏదున్నా రాయాలి. అలవాటున్నవాళ్ళకి నోరు చూస్తారు. లేనివాళ్ళకి బీపీ, షుగరు చూసి పంపేస్తారు. అత్త వంతు వచ్చింది. పక్కన కొత్త అల్లుడు.

"అత్తా, పొగ..." అన్నాను.

ఆవిడ అల్లుడి వైపు చూసి, తల దించుకుంది. పెద్దావిడ పరువు తియ్యడం ఎందుకని 'లేదు' అని రాసేసినాను. వెనకాలే ఉన్న అమ్మ కాయితంలోనూ అదే రాసినాను. గుట్కా ముట్టుకోవద్దని పిల్లలకి పాఠం చెప్పే మనిషిని నేను.

రెండేళ్ళకి అత్త అంగిట్లో పుండు లేచింది. రెండు వారాల్లో మానని పుండుని డాక్టరుకి చూపించాలి. ఆవిడ ఎవరికీ చెప్పకుండా మందుల షాపు జెల్లు ఆర్నెల్లు రాసుకుంది. కలకత్తాలో అంగిలి తీసేసినారు. తెల్ల మచ్చలున్నప్పుడే వచ్చి, చుట్ట మానేసుంటే బాగుపడేదేమో అన్నాడు అక్కడి డాక్టరు. తరవాత తాగిన టీ ముక్కులోంచి వచ్చేది. మాటా అక్కణ్ణించే వచ్చేది.

"ఆ రోజు లేదని రాసింది నేనే అత్తా," అని ఆవిడ మంచం దగ్గర కూచుని ఏడ్చినాను.

"నువ్వు గట్టిగా అడిగినా నేదనే సెప్పుదును. అల్లుడున్నాడు గదా." కాసేపు ఆయాసం తీర్చుకుంది. "మీ యమ్మనడుగు. సిగ్గు సూడకు."

పోయిన మావయ్య గార్డు డ్యూటీకి పట్టుకెళ్ళే టార్చి తలగడ కింద నుంచి తీసి నా చేతిలో పెట్టింది. మూడు నెలలు అది మా బీరువాలోనే ఉంది. అమ్మ నోరు చూడ్డానికి నాకు భయం.

ఆదివారం సాయంత్రం మగాళ్ళు శ్మశానం నుంచి తిరిగొచ్చినాక టార్చి తీసుకుని పెరట్లోకి వెళ్ళినాను. అమ్మ బట్టల బండ మీద కూచునుంది. పెదాల్లోంచి పొగ వస్తోంది.

"అమ్మా, నోరు తెరువు."

"ఇయ్యాలేటే? ఎదురింట్లో ఇంకా ఏడుపులాగలేదు."

"అత్త అడగమంది."

అమ్మ చుట్ట తీసి బకెట్లో పడేసింది. లేచి నిలబడి నోరు తెరిచింది. టార్చి వేసినాను. అంగిలంతా తెలుపు, ఆ తెలుపులో సన్నటి ఎర్ర చుక్కలు. అమ్మ నోరు తెరిచే ఉంచి, నా మొహంలో ఏం కనబడుతోందో వెతుక్కుంటూ అలాగే నిలబడింది.