బిగించినవాళ్ళే ముందు ఎక్కాలి

పార్కు మూసేశాక మేమంతా కాళ్ళు చాపుకొని కూర్చుంటామని మా బంధువుల నమ్మకం. "నీకేంటే, వానలు పడితే సెలవులేగా" అంటారు పెళ్ళిళ్ళలో కనిపిస్తే. వాళ్ళందర్నీ ఒక్కసారి ఆగస్టులో తీసుకొచ్చి మా పార్కు నడిమధ్య నిలబెట్టాలనిపిస్తుంది నాకు. పాట ఉండదు, అరుపు ఉండదు, కాల్చిన మొక్కజొన్న పొత్తుల వాసన ఉండదు. చుట్టూ పత్తిచేలు, అవతల హైవే మీద చీమకుర్తి రాయి మోసుకుపోయే లారీలు, మధ్యలో రంగు వెలిసిన గుర్రాలూ బాతులూ. సీజన్లో కాళ్ళు పీకుతాయి గానీ మనసు కుదురుగా ఉంటుంది. మూసేశాక ఆ కుదురు పోతుంది. కాలు గాలిన పిల్లిలా తిరుగుతుంటాను.

మాది చిలకలూరిపేట దాటాక రోడ్డు పక్కనున్న చిన్న పార్కు. మిరపకాయలు అమ్ముడుపోయాక సత్తెనపల్లి, వినుకొండ వైపు ఊళ్ళనుంచి జనం ఆటోలు కట్టించుకొని వస్తారు. వేసవంతా తిరనాళ్ళే. తొలకరి పడి పత్తి విత్తనాలు వేయడం మొదలైతే మళ్ళీ దసరా సెలవులదాకా గేటు వైపు చూసే మనిషి ఉండడు. ఆ మధ్యకాలంలోనే మా అసలు పని. నీళ్ళ కొలనులు ఖాళీ చేస్తే అడుగున చెవిదిద్దులు, మెట్టెలు, ఒక్కోసారి పళ్ళసెట్టు. పిల్లల రైలింజన్లో పాము కుబుసం. ఢీకొట్టుకునే కార్ల షెడ్డులో మా ఓనరుగారి జిన్నింగు మిల్లు తాలూకు పత్తిగింజల బస్తాలు. ఎలకలు ఆ గింజలు తిని, రుచి మారితే బాగుంటుందనుకుంటాయో ఏమో, కార్ల వైర్లు కూడా కొరుకుతాయి. రేగడి నేల ఉబ్బి సిమెంటు బాటలు విరుగుతాయి. చెప్పులకు బంక మట్టి అంటుకొని ఒక్కో కాలు ఒక్కో బరువు తూగుతుంది. ఇదండీ నా సెలవుల వైభోగం.

నేను ఫిట్టర్ని. ఐటీఐ చదివాను. మాది చీరాల, ఇంట్లో అందరూ మగ్గం మనుషులు. గుంటలో కాళ్ళు పెట్టుకొని పొద్దస్తమానం కూర్చోవడం నావల్ల కాలేదు. నాకంటే ముందు మా ఇంట్లో అలా పారిపోయినవాడు మా మేనమామ ఒక్కడే. వయసులో ఉండగానే ఎగ్జిబిషన్ వాళ్ళ లారీ ఎక్కి, తిరనాళ్ళ వెంట ఊరూరా జెయింట్ వీల్ నిలబెట్టి, విప్పి, మళ్ళీ నిలబెట్టి, చివరికి ఈ పార్కులో మేస్త్రీగా స్థిరపడ్డాడు. "ఇది కూడా వాడి పోలికే, ఒక్కచోట కూర్చోలేదు" అని మా అమ్మ నన్ను ఆయన దగ్గరికే పంపేసింది. అలా మేమిద్దరం ఒకే చక్రానికి పనివాళ్ళమయ్యాం.

వానాకాలంలో చక్రానికున్న పెట్టెలన్నీ దింపి షెడ్డులో పెడతాం. అంటే జనం కూర్చుంటారే, ఆ పెట్టెలు. తుప్పు గీకి, రంగేసి, దసరా ముందు మళ్ళీ ఎక్కిస్తాం. ఎక్కించడానికి ఒక పద్ధతుంది. ఒక పెట్టె తగిలించాక చక్రాన్ని సగం తిప్పి, సరిగ్గా దానికి ఎదురుగా ఉన్న చోట రెండోది తగిలించాలి. లేకపోతే ఒకవైపు బరువెక్కి చక్రం దానంతటదే తిరగబోతుంది. అందుకని ఒక పెట్టె మావయ్యది, దానికెదురు పెట్టె నాది. ఎవరు బిగించిన నట్టు మీద వాళ్ళు రంగుతో గీత గీయాలి, నట్టు మీదుగా కిందున్న ఇనుము మీదికి. తర్వాత నట్టు ఆవగింజంత కదిలినా గీత రెండు ముక్కలై కనిపిస్తుంది. మావయ్యది పసుపు గీత, నాది ఎరుపు.

ఇంకో ఆచారం కూడా ఉంది, ఎగ్జిబిషన్ రోజులనుంచి వస్తున్నది. పార్కు తెరిచే ముందు చక్రాన్ని మొదట ఖాళీగా తిప్పుతారు, తర్వాత ఇసుక బస్తాలతో తిప్పుతారు. ఆ తర్వాత ఎక్కాల్సింది మేమే. ఎవరి గీత ఉన్న పెట్టెలో వాళ్ళు. బిగించినవాళ్ళు ఎక్కి దిగితేగానీ జనాన్ని ఎక్కనివ్వరు. దీన్ని తప్పిస్తానంటే మావయ్య ఓనరుగారి మాట కూడా వినడు.

ఆ ఏడాది వానలు మొదలవగానే మావయ్యకు జ్వరం తగిలింది. జ్వరం తగ్గింది గానీ కీళ్ళు పట్టేశాయి. చుట్టుపక్కల సగంమందికి అలాగే వచ్చింది కాబట్టి నేను పెద్దగా పట్టించుకోలేదు. దసరా దగ్గరపడి పెట్టెలు ఎక్కిస్తుంటే మొదట నాకు చిరాకు తెప్పించింది ఆయన ఆలస్యం. నా పెట్టె బిగించి, గీత గీసి, చక్రం తిప్పి, ఆయన నట్లు బిగించేదాకా ఎదురుచూస్తూ నిలబడాలి. ఆ నిలబడటమే నాకు చేతకాదు. ఇదివరకు ఆయన వేగానికి నేను ఉరుకులు పెట్టేదాన్ని. ఇప్పుడు నేనే గోళ్ళు కొరుక్కుంటున్నాను. చూస్తే, టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుంటున్నాడు. సీసా మూత తీయమని నాకిస్తున్నాడు.

"చెయ్యి నొప్పిగా ఉందా మావయ్యా?" అని అడిగాను.

"నొప్పేంటే? స్పానరు నోరు అరిగిపోయింది, అదీ సంగతి. నీ పని నువ్వు చూసుకో."

ఆ స్పానరు మొన్ననే కొన్నది.

పెట్టెలన్నీ ఎక్కించడం అయిపోయాక ఒకరోజు ఆయన భోజనానికి వెళ్ళాడు. నేను ఊరికే ఉండలేక చక్రం కింద తిరుగుతున్నాను. ఆయన పసుపు గీత ఒకటి కంటపడింది. మావయ్య గీత స్కేలు పెట్టి గీసినట్టుండేది. ఇది వంకరపోయింది. స్పానరు తెచ్చి ఆ నట్టుకు తగిలించి పట్టాను. తిరిగింది. బలం పెట్టకుండానే సగం చుట్టు తిరిగింది. పక్కదానికి పెట్టాను. అదీ తిరిగింది. వేసవిలో ఆ పెట్టెల్లో తల్లులు చంటిపిల్లల్ని ఒళ్ళో పెట్టుకొని కూర్చుంటారు. అందరికంటే ముందు అందులో కూర్చోబోయేది ఆయనే.

ఓనరుగారితో చెప్పడం ఎంత పని? ఆయన మంచివాడే. అక్కడే వచ్చింది చిక్కు. అంతకుముందు గుర్రాలకు రంగులేసే పెద్దాయనకు చూపు తగ్గితే, ఆయన్ను పంపేయకుండా గేటు దగ్గర కుర్చీ వేయించి, ఒక టోపీ ఇచ్చి, టిక్కెట్లు చింపమన్నారు. ఆ పెద్దాయన కొన్నాళ్ళు కూర్చున్నాడు. ఒకరోజు టోపీ కుర్చీలో పెట్టి, ఎవరికీ చెప్పకుండా వెళ్ళిపోయాడు. మా మావయ్యను ఆ టోపీలో ఊహించుకుంటేనే నాకు ఏడుపొచ్చేది. పోనీ ఆయనకే చెబుదామా? చెప్పబోయాను కూడా. "డాక్టరుకు చూపించుకుందాం పద" అన్నాను. "నువ్వు పుట్టకముందునుంచీ బిగిస్తున్నానే నేను" అని కసురుకొని, ఆ పూటంతా నాతో మాట్లాడలేదు. నాకూ కోపం వచ్చింది. పెద్దరికం పెద్దరికమే, ప్రాణం ప్రాణమే కదా. కోపంలో గుర్రాల షెడ్డు రెండుసార్లు ఊడ్చాను.

ఓనరుగారు తెరిచే రోజు ఖాయం చేశారు. ఒకరోజు ముందు ఎక్కి చూడటం. దానికి ముందురోజు ఉదయం మావయ్య, ఓనరుగారు కలిసి బల్బులు కొనడానికి గుంటూరు వెళ్ళారు. వాళ్ళ కారు గేటు దాటిందో లేదో నేను స్పానరు తీసుకున్నాను. అన్ని పెట్టెలూ ఉన్న చక్రం సమానంగా తూగుతుంది. నెమ్మదిగా తోస్తే మనిషి చేతికే కదులుతుంది. ఒక పసుపు పెట్టె కిందికి తెచ్చుకోవడం, బ్రేకు వేయడం, నట్లు కసిగా బిగించడం, మళ్ళీ తోయడం. మధ్యలో జల్లు పడింది. తడుస్తూనే చేశాను. ఒక్కటన్నా గట్టిగా ఉంటుందేమోనని ప్రతిదాని దగ్గరా ఆశపడ్డాను.

బిగించినవాటి మీద గీతలు గీయాల్సి వచ్చేసరికి చెయ్యి ఆగింది. నట్లు తిరిగాయి కాబట్టి ఆయన గీతలన్నీ తెగిపోయాయి. వాటిని తుడిచి మళ్ళీ గీయాలి. పసుపు రంగు డబ్బా పక్కనే ఉంది. పసుపు గీస్తే ఎవరికీ ఏమీ తెలియదు. ఆయన పరువు దక్కుతుంది, జనం ప్రాణాలూ దక్కుతాయి. కుంచె పసుపులో ముంచాను కూడా. కానీ వచ్చే ఏడాది? ఆ పై ఏడాది? నేను జ్వరంతో పడుకున్న ఏడాది ఆ పసుపు గీతను నమ్మి ఎక్కేవాళ్ళ గతేంటి? మావయ్య మీద ఎంత ప్రేమున్నా, గీత మాత్రం అబద్ధం చెప్పకూడదనిపించింది. కుంచె తుడుచుకొని ఎరుపు గీశాను, అన్నిటికీ. గీస్తున్నంతసేపూ ఆయన్ను చేతులారా కొడుతున్నట్టే ఉంది.

మర్నాడు పొద్దున్నే ఓనరుగారు కొబ్బరికాయ కొట్టారు. గుమ్మడికాయతో దిష్టి తీశారు. ఖాళీగా తిప్పాం, ఇసుక బస్తాలతో తిప్పాం. మోటారు దగ్గర ఎలక్ట్రీషియన్ నిలబడ్డాడు. మావయ్య ఎప్పట్లాగే తలకు తువ్వాలు చుట్టి, తన మొదటి పెట్టె దగ్గరికి నడిచాడు. నేను రెండడుగుల వెనక ఉన్నాను. ఎక్కబోతూ నట్టు వైపు చూశాడు. ఆగిపోయాడు. బొటనవేలితో ఆ ఎర్ర గీతను తడిమాడు. నా వైపు తిరగలేదు. ఎలక్ట్రీషియన్‌కు చెయ్యి ఊపి చక్రం నెమ్మదిగా తిప్పించాడు. ఒక్కో పెట్టె ఆయన ముందునుంచి పోతోంది. ఎరుపు, ఎరుపు, ఎరుపు. నాకు అక్కడినుంచి పరిగెత్తాలనిపించింది. ఎటు పరిగెత్తినా పత్తిచేలే.

"ఏంటి మేస్త్రీ, ఎక్కడం లేదా?" అన్నారు ఓనరుగారు.

ఆయన స్పానరు అరిగిందని చెప్పొచ్చు. అమ్మాయికి పని నేర్పుతున్నానని చెప్పొచ్చు. నేను ఆ మాట ఆయనకు అందిద్దామని నోరు తెరిచాను కూడా.

"ఈ ఏడు నాకు పెట్టె లేదండీ" అన్నాడు మావయ్య. "అన్నీ అమ్మాయే బిగించింది. దాన్నే ఎక్కనీయండి."

ఓనరుగారు ఆయన ముఖంలోకి, తర్వాత చేతుల వైపు చూశారు. చెట్టు కింద తనకోసం వేసిన కుర్చీలో కూర్చోకుండా, వచ్చి ఆయన పక్కన నిలబడ్డారు.

నేను ఎక్కాను. నాకెదురుగా మావయ్య కూర్చోవాల్సిన చోట తూకానికి ఇసుక బస్తా పెట్టారు. నేను పైకి వెళ్తే బస్తా కిందికి, నేను కిందికి వస్తే బస్తా పైకి. పెట్టె మారడం, తిరగడం, దిగడం, మళ్ళీ ఎక్కడం. పైనుంచి చూస్తే మావయ్య తల మీద తువ్వాలు ఒక్కటే తెల్లగా కనిపించేది. ఇన్నేళ్ళలో నేను ఎక్కిన ప్రతిసారీ ఆయన నాకు ఎదురుగా గాలిలోనే ఉన్నాడు. ఆయన్ను కింద చూడటం అదే మొదలు. నట్లు గట్టిగానే ఉన్నాయని తెలుసు. అయినా ప్రతి పెట్టె ఎక్కే ముందు నా గీతను మళ్ళీ చూసుకున్నాను.

చివరి పెట్టెలోంచి దిగేసరికి ఓనరుగారు వెళ్ళిపోయారు. మావయ్య మెట్టు దగ్గరే ఉన్నాడు. తిడతాడనుకున్నాను. తిడితే నేనూ ఎదురు తిట్టడానికి సిద్ధంగా ఉన్నాను. నిజానికి తిడితే బాగుండుననిపించింది.

"ఎన్ని వదులుగా ఉన్నాయే?" అన్నాడు మెల్లగా.

ఒకటీ అరా అని చెప్పేద్దామనుకున్నాను.

"అన్నీ మావయ్యా" అన్నాను.

ఆయన తలూపాడు. తర్వాత ఎప్పుడూ లేనిది, కుడిచెయ్యి నా ముందుకు చాపాడు. "వేళ్ళు ముడుచుకోవటం లేదే" అన్నాడు. "పొద్దున లేవగానే చద్దన్నం కూడా కలపలేకపోతున్నా. మీ అత్తయ్యకు కూడా చెప్పలా."

గ్రీజు మరకలున్న ఆ చేతిని నా రెండు చేతుల్లోకి తీసుకున్నాను. చూపుడువేలితో మొదలుపెట్టి, ఒక్కో వేలే మెల్లగా మడవడానికి చూశాను. సగందాకా వచ్చి ఆగిపోయాయి. అంతకుమించి నొక్కడానికి నాకు ధైర్యం చాలలేదు.