పైఅంతస్తుకీ కిందికీ మధ్య ఒక కాలు

కొరియాలోని బూసాన్ కొండసందుల్లో చిన్న బస్సు నడిపే మ్యోంగ్ ఓక్‌రేకి ఒకనాడు పొద్దున్నే కుడికాలు కదల్లేదు. ముందురోజు ఆమె గట్టిగా బ్రేకు తొక్కితే బస్సులో ఒక ముసలావిడ పడింది. ముసలావిడ లేచి, బట్టలు దులుపుకుని, నోరారా తిట్టి వెళ్లిపోయింది. మంచాన పడింది మాత్రం ఓక్‌రే.

పక్షవాతమో నటనో అని డిపోలో గుసగుసలు. ఓక్‌రేకి కావలసింది ఒక్క మాట: ఇదేం జబ్బు, మళ్లీ బస్సు ఎక్కుతానా లేదా అని.

ఆసుపత్రిలో నరాల డాక్టరు తక్ కుర్రవాడు, తెలివైనవాడు. ఆమెను పడుకోబెట్టి, కుడిమడమ కింద చెయ్యి పెట్టి, ఎడమకాలు ఎత్తమన్నాడు. ఎత్తగానే చచ్చుబడిన కుడికాలు దానంతటదే అతని అరచేతిని బలంగా నొక్కింది. జబ్బు అతనికి అక్కడే అర్థమైపోయింది. కానీ అది మనసుతో ముడిపడ్డది. మనసు జబ్బుల పని పైఅంతస్తులో మానసిక వైద్యుడు నమ్‌గుంగ్ గారిది. ఆయన తక్ చదివిన కాలేజీలోనే బాగా సీనియర్. పెద్దల ముందు తాగేటప్పటి అక్కడి మర్యాద ప్రకారం, ఆయన ఎదుట గ్లాసెత్తినా తక్ మొహం పక్కకు తిప్పుకునే తాగుతాడు. అలాంటివాడు ఆయనకంటే ముందు జబ్బు పేరెత్తుతాడా?

"నరాల్లో లోపమేం లేదమ్మా. మిగతాది పైన సార్ చెప్తారు."

పైన నమ్‌గుంగ్ టీ ఇప్పించి, చిన్ననాటి సంగతులన్నీ అడిగాడు. "కాలు తక్ చూస్తున్నాడు కదమ్మా. కుర్రాడి పనిలో నేను వేలు పెడితే బాగోదు. ముందు వాణ్ణి తేల్చనివ్వండి," అన్నాడు చివరికి.

ఇలా ఒకరి మర్యాద ఒకరు కాపాడుకుంటుంటే, ఓక్‌రే చేతికర్రతో లిఫ్టులో పైకీ కిందికీ తిరిగింది. ఆమె బస్సుకైనా చివరి స్టాపంటూ ఒకటుండేది.

ఒకరోజు ఆమె తక్ గదిలో కూర్చుని కదలనంది. "మీ సార్‌నే కిందికి రమ్మను బాబూ!"

సీనియర్‌ని రమ్మనడమా! తక్ చెమటలు కక్కుతూ, రెండు చేతులతో ఫోను పట్టుకుని పిలిచాడు. నమ్‌గుంగ్ వచ్చాడు.

"మీరు చెప్పండి సార్."

"అబ్బే, కనిపెట్టింది నువ్వేగా."

"మీ ముందు నేనెలా సార్..."

"మీ మర్యాదలు తగలెయ్య!" అంది ఓక్‌రే. "నేను నటిస్తున్నానా? అదొక్కటి చెప్పండి."

"లేదు!" అన్నారిద్దరూ ఒక్కసారే. సీనియర్ కోసం ఆగాలన్న సంగతే తక్ మరిచిపోయాడు. ఆమెను పడుకోబెట్టి, సార్ చేతినే మడమ కింద పెట్టించాడు. ఓక్‌రే ఎడమకాలు ఎత్తింది.

"నొక్కుతోందమ్మా," అన్నాడు నమ్‌గుంగ్. "ఇది నిజం జబ్బే. కాలు చెడలేదు, మెదడు పిలుపు దానికి సరిగ్గా అందడం లేదు. మెల్లగా నడక నేర్పిద్దాం. చాలామందికి నయమవుతుంది."

ఓక్‌రే భోరున ఏడ్చింది. తర్వాత కళ్లు తుడుచుకుని తక్ వైపు చూసింది.

"ఈ కాలు మొదటిరోజే నీ చెయ్యి నొక్కింది కదా నాయనా. అప్పుడే చెప్పలేకపోయావా?"

తక్ మొహం పక్కకు తిప్పుకున్నాడు. ఈసారి అతని చేతిలో గ్లాసు లేదు.