నీళ్ళు దిగే దారి

కారు తలుపుల తాళాలు నాలుగూ ఒకేసారి పడితే 'టక్' మని చప్పుడొస్తుంది. పెద్ద చప్పుడేం కాదు. పక్క గదిలో ఎవరో స్విచ్చి వేసినంత. నెల రోజులుగా ఆ చప్పుడు నా చెవుల్లోంచి పోవడం లేదు. ఫ్రిజ్ ఆగినా, ఎదురింటి వాళ్ళు గడియ పెట్టినా అదే వినిపిస్తోంది. ఆ సాయంత్రం భవానీపురంలో మా అపార్టుమెంటు ముందు ఇంజను ఆపి, గేటు తీద్దామని దిగాను. తాళంచెవి కారులోనే ఉంది. అద్దాలన్నీ ఎత్తి ఉన్నాయి. వెనక సీట్లో బెల్టు పెట్టి కూర్చోబెట్టిన మా అమ్మాయి ఆద్య బిస్కెట్ తింటోంది. దానికి నాలుగేళ్ళు. నేను రెండడుగులు వేశానో లేదో, వెనక టక్ మంది.

పరిగెత్తుకొచ్చి తలుపు లాగితే రాలేదు. నాలుగు తలుపులూ లాగాను, మళ్ళీ మొదటిది లాగాను. ఆద్యకి అదో ఆటలా తోచింది. నేను అద్దం మీద కొడుతుంటే తనూ లోపల్నుంచి గాల్లో కొట్టి నవ్వింది. మే నెల ఎండకి కాగిన కారు అది. వాచ్‌మన్ రాయి కోసం పరిగెత్తాడు. అతను వచ్చేలోపే మళ్ళీ టక్ మని తాళాలు వాటంతటవే లేచాయి. అంతా కలిపి రెండు నిమిషాలు కూడా అయి ఉండదని మా ఆయన రవి అంటాడు. ఆ రెండు నిమిషాలూ అతను అక్కడ లేడు.

సర్వీసు సెంటర్లో కంప్యూటర్ పెట్టి చూసి, "బాడీ కంట్రోల్ మాడ్యూల్ పోయింది మేడమ్, మార్చేయాలి" అన్నారు. తాళాలు, లైట్లు, వైపర్లు, అద్దాలు, హారను, వీటన్నిటికీ ఎప్పుడేం చేయాలో చెప్పే చిన్న పెట్టె అది. డాష్‌బోర్డు కింద, కాళ్ళ దగ్గర ఉంటుంది. "ఎందుకు పోయింది?" అని అడిగాను. కంప్యూటర్ ముందు కూర్చున్న అబ్బాయి నన్ను జాలిగా చూశాడు. "ఎలక్ట్రానిక్ ఐటమ్ కదండీ, పోతుంటాయ్." ఆ మాట వినగానే నాకు వెంకటరత్నం మేస్త్రి గారు గుర్తొచ్చారు. సరిగ్గా ఆ మాటే ఒకప్పుడు నేను ఆయనతో అన్నాను.

నేను ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ చదివాను. నాతో చదివినవాళ్ళు హైదరాబాదు బస్సెక్కేశారు. ఇంటర్వ్యూల్లో నాకు ప్రతిసారీ గొంతు ఎండిపోయేది, అందుకని ఇక్కడే మిగిలిపోయాను. ఆటోనగర్లో కార్ల కరెంటు పని చేసే ఒక మేస్త్రి గారికి, బండిలో లోపమేంటో చెప్పే స్కానర్‌లో వచ్చే ఇంగ్లీషు చదివిపెట్టే మనిషి కావాలని తెలిసి వెళ్ళాను. రేకుల షెడ్డు. సన్నగా, పొడుగ్గా, మడత నలగని చొక్కా వేసుకున్న పెద్దమనిషి ఒక వైరు చివర పట్టుకుని నిలబడి ఉన్నారు. వాళ్ళ నాన్న పెడనలో చీరలు నేసేవారు. ఈయన చిన్నప్పుడు తెగిన పోగులు అతికిన చేతులతోనే తరవాత వైర్లు అతికారు. ఆయన వైరును 'పోగు' అనే అనేవారు. "ఇంగ్లీషు నువ్వు చదువు అమ్మాయ్. పోగులు నేను చదువుతా" అన్నారు మొదటిరోజు. నా జీవితంలో అంత తేలికైన ఇంటర్వ్యూ ఇంకోటి జరగలేదు.

నాకు స్థిమితం తక్కువ, అప్పుడూ ఇప్పుడూ. స్కానర్ తగిలించడం, కోడ్ చదవడం, ఫలానాది పోయిందని ప్రకటించడం. మేస్త్రి గారు "పోగు తెగిందని మగ్గం మారుస్తావా?" అనేవారు. నా తొందరకి ఆయన ఒక మందు కనిపెట్టారు. పెట్టె మార్చేటప్పుడు బ్యాటరీ వైరు తీశాక పావుగంట ఆగాలి, లోపల మిగిలిన కరెంటు పూర్తిగా దిగిపోవాలి. ఆ పావుగంటా స్టూలు మీద, చేతులు ఒళ్ళో పెట్టుకుని నేను కూర్చోవాలి. స్క్రూలు సర్దకూడదు, ఫోన్ చూడకూడదు. "పెట్టె నిద్దరోతోంది. కదిలావో, లేస్తుంది" అనేవారు గంభీరంగా. అక్కడ పనిచేసే బాజీ పక్కనుంచి "మేడమ్ గారి కాలు ఊగుతోందండీ మేస్త్రి గారూ! పెట్టె లేచేసుద్ది!" అని అరిచేవాడు. ఇంకో నియమం కూడా ఉండేది. బ్యాటరీ మీద చెయ్యి వేసే ముందు ఒక అద్దం పూర్తిగా దించాలి, తాళంచెవి మన ఒంటి మీద ఉండాలి. ఎందుకని అడిగితే, "బండి ఎప్పుడు తలుపేసుకుంటదో బండికే తెలీదు" అన్నారు. ఆ మాట మరిచిపోయిన రోజే ఆద్య లోపల ఉండిపోయింది.

ఆ ఏడాది దసరా వెళ్ళిన కొన్నాళ్ళకి కూచిపూడి నుంచి ఒక నాట్యం టీచరు గారు కారు తెచ్చారు. "వాన లేకుండానే వైపర్లు ఆడేస్తున్నాయండీ. మా పిల్లలకంటే ఇవే నయం, తాళం తప్పడం లేదు" అన్నారు నవ్వుతూ. మేస్త్రి గారు పెళ్ళికని ఊరెళ్ళారు. నేను స్కానర్ పెట్టాను. పెట్టె పోయిందంది. విప్పి చూస్తే నిజంగానే పోయింది, పిన్నుల మీద పచ్చగా చిలుము పట్టి ఉంది. నాకు పట్టరాని సంతోషం! అదే నంబరు పెట్టె తెప్పించి, పావుగంట బుద్ధిగా కూర్చుని, మార్చి, తాళంచెవులు దానికి పరిచయం చేశాను. అన్నీ చక్కగా పనిచేశాయి. టీచరు గారు "మీ చెయ్యి మంచిదమ్మా" అని వెళ్ళారు. ఆ మాటను వారం రోజులు మోశాను.

తరవాత తుపాను వాన పట్టింది. మూడో రోజు టీచరు గారి ఫోను. పామర్రు దాటాక హారను మోగడం మొదలై ఆగడం లేదట, జనం మూగారట. ఆవిడ మాటలకంటే వెనక ఆ హారనే నాకు ఎక్కువ వినిపించింది. కారును ఇంకో బండికి కట్టి తీసుకొచ్చారు. అప్పటికి మేస్త్రి గారు వచ్చేశారు. "కొత్త పెట్టెలోనే ఏదో లోపం ఉందండీ. ఎలక్ట్రానిక్ వస్తువు కదా, పోతుంటాయి" అన్నాను.

ఆయన నా చేతికి టార్చి ఇచ్చి డాష్‌బోర్డు కింద పడుకుని చూడమన్నారు. తాను చెంబుతో ముందు అద్దం మీద నీళ్ళు పోశారు. నేను చూస్తూనే ఉన్నాను. పైనుంచి వైరు వెంట ఒక బొట్టు వచ్చింది. నింపాదిగా, దారి తెలిసినట్టు జారి, నేరుగా పెట్టెలోకి వెళ్ళింది. దాని వెనక ఇంకోటి.

బయటికి వచ్చేసరికి ఆయన వైపర్ల కింది ప్లాస్టిక్ పట్టీ ఊడదీసి చూపించారు. దసరాకి వాహన పూజ చేసి బానెట్ మీద వేసిన బంతిపూల దండ, దాంతోపాటు అక్షింతలు. రేకలు రాలి, పట్టీ సందుల్లోంచి దిగి, కుళ్ళి, నీళ్ళు పోయే కన్నానికి బిరడాలా బిగుసుకున్నాయి. పోవాల్సిన వాన నీళ్ళు నిలిచి లోపలికి దారి చూసుకున్నాయి.

"చచ్చినదాన్ని మార్చావు. చంపినదాన్ని వదిలేశావు" అన్నారు మేస్త్రి గారు. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే బాగుండేది. తరవాత "ఆవిడకి నువ్వే చెప్పు" అన్నారు.

"కొత్త పెట్టె బాగోలేదని చెప్పేద్దామండీ. ఆవిడకి ఎలాగూ తెలీదు."

"ఆవిడకి తెలీదు. నీకు తెలుసుగా? రేపు ఇంకో బండి దగ్గర నీ చెయ్యి ఆ అబద్ధాన్నే నమ్ముద్ది."

చెప్పాను. గొంతు ఎండిపోయినా చెప్పాను. టీచరు గారు కాసేపు ఆ కుళ్ళిన పూల ముద్దనే చూశారు. "చిన్నప్పుడు అడుగు తప్పితే మృదంగం ఆయన మీదకి నెట్టేదాన్నమ్మా. మా గురువు గారు ఒప్పుకునేవారు కాదు" అని, మేస్త్రి గారి వైపు తిరిగి దణ్ణం పెట్టారు. రెండో పెట్టె మార్చేటప్పుడు వైరును నేను బాగా బిగించి కట్టబోతే మేస్త్రి గారు నా చేతిని ఆపారు. "బిగించకు. వైరు పెట్టెకంటే కిందికి దిగి, మళ్ళీ పైకి రావాలి. వచ్చిన బొట్టు ఆ అడుగునే రాలిపోద్ది. నీళ్ళు రాకుండా ఎవడాపగలడు అమ్మాయ్? ఎక్కడ్నుంచో వస్తానే ఉంటాయి. దిగే దారి చూపెట్టు, చాలు."

ఆద్య కడుపున పడ్డాక పని మానేశాను. రెండేళ్ళ క్రితం మేస్త్రి గారు పోయారని బాజీ ఫోన్ చేశాడు. ఆ రోజు ఆద్యకి జ్వరం. వెళ్ళలేదు. నూటొకటి మాత్రమే ఉంది, వెళ్ళి ఉండవచ్చు. ఈ సంగతి ఇప్పటివరకు ఎవరికీ చెప్పలేదు.

సర్వీసు సెంటర్ నుంచి ఇంటికి వచ్చాక పార్కింగ్‌లో వైపర్ల కింది పట్టీ ఊడదీశాను. బంతిపూలు! కొన్ని నల్లగా, కొన్ని ఇంకా పసుపుగా. నావే. ఆద్య పుట్టినప్పటినుంచి ప్రతి శుక్రవారం వైపర్ల దగ్గర ఒక బంతిపువ్వు, నాలుగు అక్షింతలు పెడుతున్నాను, దారిలో దానికేమీ కాకూడదని. ఇంకొకరి కారులో తప్పని చూసినదే నా కారులో భక్తిలా కనిపించింది. వాన లేకపోయినా, కారు కడిగిన నీళ్ళే నిలిచి పెట్టెలోకి దిగి ఉంటాయి. కూతుర్ని కాపాడమని పెట్టిన పూలే తలుపులు మూశాయి. ఆ పూల ముద్ద చేత్తో పట్టుకునే ఇంట్లోకి వెళ్ళాను.

రవి ఫోన్లో సర్వీసు సెంటర్ వాళ్ళతో గట్టిగా మాట్లాడుతున్నాడు. "మీ బిగింపే సరిగ్గా లేదు, ఊరికే మార్చి ఇవ్వాలి" అంటున్నాడు. ఫోను ఆగాక పూల ముద్ద చూపించాను.

"ఇవి పెట్టింది నేనే."

"అయితే ఏంటి? వాళ్ళకి చెప్పక్కర్లేదుగా."

"నాకు తెలుసుగా."

"సరే, మీ మేస్త్రి గారు మాట్లాడుతున్నారు, నేనేం చెప్పను" అన్నాడు.

కారు ఆటోనగర్ తీసుకెళ్ళాం. షెడ్డు ఇప్పుడు బాజీది. అద్దం దించాను, తాళంచెవి చున్నీ కొసకి ముడి వేసుకున్నాను. బాజీ బ్యాటరీ వైరు తీసి, అదే పాత స్టూలు నా ముందుకి తోశాడు. "కూర్చోండి మేడమ్ గారూ. చేతులు ఒళ్ళో." ఆద్య కూడా నేల మీద నా పక్కన కూలబడి చేతులు ఒళ్ళో పెట్టుకుంది. కాసేపటికి "అమ్మా, నీ కాలు ఊగుతోంది" అంది. బాజీ అటు తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు. కన్నం శుభ్రం చేసి, కొత్త పెట్టె పెట్టి, వైరు మాత్రం నన్ను కట్టమన్నాడు. పెట్టెకంటే బెత్తెడు కిందికి వదులుగా వదిలాను. నా చేతులు బిగించడానికే చూశాయి.

ఇది రాస్తుండగా వాన మొదలైంది. తడుస్తున్న కారు దగ్గరికి వెళ్ళకూడదనుకున్నాను. వెళ్ళాను. కారు తలుపు తీసి, ముందు సీట్లో కూర్చుని, టార్చి వేసి, డాష్‌బోర్డు కిందికి వంగి చూశాను. ఎక్కడినుంచి వచ్చిందో, వైరు వెంట ఒక బొట్టు జారుతోంది. అది వైరు వంపు అడుగుదాకా వచ్చి, అక్కడ ఆగి, బరువెక్కి, కింది మ్యాట్ మీద రాలిపోయింది. పెట్టె పొడిగా ఉంది. రేపు బాజీతో ఆ పైన రబ్బరు ఒకసారి చూడమని చెప్పాలి. కానీ వెంటనే లేచి రాలేకపోయాను. ఆ సీట్లోనే, చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఇంకో బొట్టు వచ్చి రాలిపోయేదాకా కూర్చున్నాను.