ఆవిరిగది తలుపు దగ్గర మెరికె

టార్టూ పట్టణంలో కొత్తగా కంపెనీ పెట్టినవాళ్లు సలహా కోసం మా అమ్మమ్మ మెరికె వంటగదికి వస్తూ ఉంటారు. పెళ్లిచూపులకు వచ్చినట్టు జంటలు జంటలుగా వస్తారు. కంప్యూటర్ తెరిచి రంగురంగుల గీతలు చూపిస్తారు. అమ్మమ్మ మర్యాదకు తల ఊపుతుంది గానీ కళ్లజోడు మాత్రం పెట్టుకోదు. ఆమె చూసేది వేరు. ఇద్దరిలో మాట్లాడనివాడు ఎవడు? వాడు రొట్టె తింటున్నాడా, తుంచి పళ్లెంలో పేరుస్తున్నాడా? పేరుస్తున్నాడని తేలిందా, మాట్లాడేవాణ్ని పాలు తెమ్మని అంగడికి తరిమేస్తుంది. ఫ్రిజ్ నిండా పాలున్నా సరే.

ఈ విద్య ఆమెకు ఒక వేసవిలో అబ్బింది. అప్పటికి ఆమె ఎవరికీ అమ్మమ్మ కాదు, ఆ తొందరా లేదు. పరాయి పాలన పోయి దేశం కొత్తగా మా వాళ్ల చేతికొచ్చిన రోజులు. మూసేసిన పిల్లల బడిలో ఒక గది అద్దెకు తీసుకుని హేకి, రైవో అనే ఇద్దరు స్నేహితులు కంపెనీ పెట్టారు. చేతులు కడుక్కోవాలంటే మోకాలెత్తున ఉన్న కుళాయి ముందు వంగాలి. వాళ్లు తయారుచేసేది ఒక చిన్న పెట్టె. పాలకేంద్రంలో పాలు చల్లబెట్టే తొట్టి పక్కన దాన్ని తగిలిస్తే, పాలు వేడెక్కినప్పుడు టెలిఫోన్ తీగ మీద కబురు పంపుతుంది. పెట్టె రైవోది, మాటలు హేకివి. మెరికె వాళ్ల మొదటి ఉద్యోగి. ఫోన్ ఎత్తడం ఆమె పని. ఫోన్ మోగేది కాదు కాబట్టి ఆమే అందరికీ చేయడం మొదలుపెట్టింది.

అలా ఫోన్లు చేసి చేసి, వోరు అనే ఊరి వైపు ఒక పాలకేంద్రం నడిపే లైనె అనే పెద్దావిడను పట్టుకుంది. లైనె గొంతు వింటే ఆవులు వరుసలో నిలబడతాయని చెప్పుకునేవారు.

"ఆ మగాళ్లిద్దరూ ఎవరో నాకు తెలీదు. నువ్వు చెబుతున్నావు కాబట్టి తీసుకుంటా. జూన్ నెలాఖరు మంటల పండుగలోపు పెట్టెలు వస్తాయా?" అంది లైనె.

మెరికె రిసీవరుకు చెయ్యి అడ్డంపెట్టి హేకి వంక చూసింది. హేకి బొటనవేలు ఎత్తాడు. రైవో పెట్టె మీదికి వంగి ఏదో అతికిస్తూ ఉన్నాడు.

"వస్తాయండీ. మాట ఇస్తున్నా" అంది మెరికె.

కంపెనీకి అదే మొదటి బేరం. అది పోతే గదీ పోతుంది, కుళాయిలూ పోతాయి. మెరికెకు వాటికన్నా మాట మీద దిగులు. జీవితంలో మొదటిసారి ఒక పెద్దమనిషి తన పేరు మీద నమ్మకం పెట్టింది.

మే నెల సగమయ్యేసరికి ఆమెకు అనుమానం మొదలైంది. రైవో ఒకే పెట్టెను పొద్దున విప్పి సాయంత్రం బిగిస్తున్నాడు. మర్నాడు మళ్లీ విప్పుతున్నాడు. మధ్యాహ్నం రొట్టె తినడం మానేసి తుంపులు పేర్చి గోడలు కడుతున్నాడు.

"రైవో, అంతా సరిగ్గా ఉందా?"

"ఊఁ."

ఆ "ఊఁ"ను పట్టుకుని ఎవరూ ఏ పనీ చేయలేరు. హేకిని అడిగితే నవ్వాడు.

"వాడు ఎప్పుడూ అంతే. బాధైనా అంతే, పండగైనా అంతే. మేం అన్నీ శనివారం ఆవిరిగదిలో మాట్లాడేసుకుంటాం. నువ్వు కంగారుపడకు."

అదీ అసలు చిక్కు. కంపెనీ నడిచేది పిల్లల బడిలో కాదు, హేకి వాళ్ల నాన్న చెరువుగట్టున కట్టుకున్న ఆవిరిగదిలో. వేడి బల్ల మీద ఇద్దరూ తువ్వాళ్లు కట్టుకుని కూర్చుంటారు, బర్చి చెట్టు ఆకుకొమ్మల కట్టతో వీపులు బాదుకుంటారు, అక్కడే అన్నీ తేలిపోతాయి. సోమవారం మెరికెకు తేలినవి మాత్రమే తెలుస్తాయి.

ఆ శనివారం మెరికె బస్సెక్కి చెరువుగట్టుకు వెళ్లింది. హేకి భార్య వీవి ఆవిరిగది ముందుగదిలో దుంపలు తొక్క తీస్తోంది.

"ఆడవాళ్ల వంతు తర్వాత కదే. వాళ్లిప్పుడే లోపలికెళ్లారు" అంది వీవి.

"నాకు స్నానం వద్దు వీవీ. వాళ్లతో మాట్లాడాలి."

"మాట్లాడు. నేనైతే ఆ ఇద్దరి మధ్యకు వెళ్లను తల్లీ. వాళ్ల పెళ్లి నా పెళ్లికన్నా ముందుది."

మెరికె రబ్బరు బూట్లతో, ఉన్ని కోటుతో వెళ్లి ఆవిరిగది తలుపు బార్లా తెరిచింది. తెల్లటి ఆవిరి భుస్సుమని బయటికొచ్చింది. లోపల ఇద్దరూ ఒక్కసారిగా తువ్వాళ్లు సర్దుకున్నారు.

"తలుపెయ్యి! పొద్దుట్నుంచీ కాస్తున్న వేడంతా పోతోంది!" అని అరిచాడు హేకి.

"పోనీ. రైవో, పండుగలోపు పెట్టెలు పంపగలమా? అవుననో కాదనో చెప్పు, తలుపు వేసేస్తా."

రైవో పొయ్యిమీది రాళ్ల వంక చూస్తున్నాడు.

"వాడు చెప్పాడుగా" అన్నాడు హేకి.

"ఎప్పుడు?"

"ఏప్రిల్లో. ఇక్కడే."

"ఏమని చెప్పాడు?"

హేకి ఆలోచించాడు. చెమట గడ్డం మీంచి కారుతోంది. "వద్దని అనలేదు."

"సరేనని అన్నాడా?"

"మనవాళ్లలో ఎవరంటారే అలా?"

మా వాళ్లలో అది నిజమే. నచ్చినా ఊరుకుంటాం, నచ్చకపోయినా ఊరుకుంటాం, పక్కవాడు అర్థం చేసుకోవాలి. ఎదటి మనిషిని రెండోసారి అడగడం అంటే వాడి జేబులో చెయ్యి పెట్టినంత తప్పు. మెరికె కూడా అలాగే పెరిగింది. అయినా ఆమె తలుపు వదల్లేదు.

"రైవో, చలేస్తోందా? నేను ఇలాగే నిలబడగలను. కోటుంది."

"చచ్చిపోతోంది" అన్నాడు రైవో.

"ఎవరు?"

"పెట్టె. ఆవిరి తగిలితే చచ్చిపోతోంది. ఏప్రిల్లో ఒకటి ఇక్కడే తగిలించి చూశా. పాలకేంద్రంలో రోజూ తొట్లు వేడినీళ్లతో కడుగుతారు. వారం కూడా బతకదు."

హేకి లేచి నిలబడ్డాడు. "ఏప్రిల్ నుంచీ తెలుసా? ఒరేయ్, నేను ఊరంతా తిరిగి కోతలు కోస్తుంటే పక్కనే కూర్చుని చూశావా?"

"నువ్వు అడగలేదు."

"నువ్వు చెప్పలేదు!"

"నువ్వు అంత సంతోషంగా ఉన్నావు."

హేకి కొమ్మల కట్టను నేలకేసి కొట్టి, మెరికెను తోసుకుంటూ పరుగెత్తి చెరువులో దూకాడు. ఆ చప్పుడు విని మెరికె, ఇక కంపెనీ మునిగినట్టే అనుకుంది. రైవో తల వంచుకునే ఉన్నాడు. వీవి మాత్రం దుంపలు వదల్లేదు.

కాసేపటికి హేకి వణుకుతూ వచ్చి రైవో పక్కనే కూర్చున్నాడు. దూరంగా కూర్చోలేదు, మెరికె అది చూసింది.

"బాగు చెయ్యగలవా?"

"చెయ్యగలను. ఎప్పటికో చెప్పలేను."

"సరే. మెరికె, లైనెకు ఫోన్ చేసి సామాను సరిహద్దులో ఇరుక్కుందని చెప్పు."

"చెప్పను."

"నువ్వు మా ఉద్యోగివి."

"మాట ఇచ్చింది మీ ఉద్యోగి కాదు, నేను. సోమవారం నేనూ రైవో వెళ్తున్నాం. వ్యాను తాళం ఇవ్వు." అని తలుపేసింది.

సోమవారం ఇద్దరూ వ్యానులో పాలకేంద్రానికి వెళ్లారు. లైనె తెల్ల టోపీ, రబ్బరు బూట్లతో తొట్ల మధ్య నిలబడి ఉంది. గొట్టాలతో వేడినీళ్లు కొడుతున్నారు, గదంతా మంచు కమ్మినట్టుంది.

"పెట్టెలేవీ?" అంది లైనె.

"తేలేదండీ. పండుగకు ఇవ్వలేం. తెలియకుండా మాట ఇచ్చాను, తప్పు నాది. కారణం ఇతను చెబుతాడు" అంది మెరికె. రైవో మెడ ఎర్రబడింది. మెరికె అతన్ని ఆదుకోలేదు, ఆదుకోవాలని నాలుక దురద పెడుతున్నా.

రైవో మొదట తన బూట్లతో మాట్లాడాడు. తర్వాత గొట్టాలను చూపిస్తూ చెప్పాడు. నీటి బొట్టు ఎక్కణ్నుంచి దూరుతుందో, లోపల ఏది తుప్పుపడుతుందో, జిగురు ఎందుకు నిలవడం లేదో చెప్పుకుపోతూనే ఉన్నాడు. కడిగేవాళ్లు గొట్టాలు కట్టేసి వినసాగారు.

"ఇంత నోరున్న మనిషివి మొదట్లోనే ఎందుకు రాలేదు?" అంది లైనె.

రైవో మళ్లీ తన బూట్ల వంక చూశాడు.

"పండుగకు నాకేం వద్దు" అని లైనె మెరికె వైపు తిరిగింది. "ఆ మూల చూశావా, అన్నిటికన్నా ఎక్కువ తడి అక్కడే. ఒక్క పెట్టె అక్కడ తగిలించండి. మీ గదిలో చంపుకోకండి, ఇక్కడే చావనివ్వండి. చచ్చినప్పుడల్లా ఇతను రావాలి, నువ్వూ రావాలి. నిలబడిన రోజున మిగతావి తీసుకుంటా. అందాకా ఇలాంటి పెట్టెలు అమ్ముతామని వేరేవాళ్లు వస్తే గేటు దాటనివ్వను. ఒప్పుకుంటావా?"

మెరికె వెంటనే సరేననలేదు. రైవో వైపు తిరిగింది.

"ఒప్పుకోవచ్చా?"

రైవో ఆ తడి మూలను పైనుంచి కింది దాకా చూశాడు. గోడ మీద చెయ్యి పెట్టి చూశాడు.

"ఒప్పుకోవచ్చు. నిచ్చెన ఉందా?" అన్నాడు.