ఐరేని కుండలు కడిగిన అల్లుడు

మా మరదలి పెళ్లిని ఆపినంత పని చేసింది నేనే. అలిగి కాదు, తాగి కాదు, ఎవరితోనో కొట్లాడి అంతకన్నా కాదు. తలస్నానం చేసి, నలుగురికీ మేలు చేద్దామన్న సదుద్దేశంతో, కొబ్బరిపీచూ బూడిదా చేతబట్టి మరీ చేశాను. మీ ఇంట్లో పెళ్లి పెట్టుకుని, సైన్సు చదివిన కొత్త అల్లుడొకడు అక్కడే తిరుగుతూ ఉంటే, ముందు అతన్ని ఏదో ఒక బజారు పని మీద పంపించి ఆ తర్వాత ఇది చదవండి.

నేను పుట్టి పెరిగింది భూపాలపల్లి బొగ్గుబావి క్వార్టర్లలో. అక్కడ పెళ్లంటే ఫంక్షన్ హాలు. పొద్దున తాళం తీస్తారు, సాయంత్రం తాళం వేస్తారు, మధ్యలో పెళ్లవుతుంది, అంతే. పల్లెటూరి పెళ్లి తంతులు నాకు తెలియవు. తెలియదన్న సంగతి కూడా తెలియదు, అసలు చిక్కంతా అక్కడే వచ్చింది. అప్పట్లో జనగామలో ఒక ప్రైవేటు బళ్లో సైన్సు చెప్పేవాణ్ని. నా భార్య స్వప్నది తరిగొప్పుల. ఆ ఏడు వానాకాలంలో తను కడుపుతో ఉంది.

మా ఇంటి డాక్టరు సుగుణమ్మ గారు. మా మామయ్య బీపీ దగ్గర్నుంచి నా దగ్గు దాకా అన్నీ ఆవిడ చేతిమీదుగానే పోయేవి. స్వప్నను చూపించడానికి వెళితే బీపీ చూసి, కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. అద్దాలు తీసిందంటే తిట్లో జాగ్రత్తలో వస్తున్నాయని అర్థం.

"శ్రావణమాసం. ఊళ్లల్ల జ్వరాలు మొదలైనయ్. కడుపుతోని ఉన్న పిల్ల, జర పైలం," అంది.

"ఏమేం చేయాల్నో చెప్పండి మేడం, అన్నీ నేను చూసుకుంట," అన్నాను.

"నీళ్లు కాచి చల్లార్చి తాగాలె. వేడిగున్నప్పుడే తినాలె. పండుకునేటప్పుడు దోమతెర కట్టుకోవాలె. జ్వరమొస్తే మందుల దుకాణంల అడిగి నొప్పుల గోలీలు మింగుడు కాదు, సీదా నా దగ్గరికి రావాలె. తడి చేతులతోని మోటర్ స్విచ్ ముట్టొద్దు. ఇగ అన్నిటికన్న ముఖ్యం, డెంగీ దోమ నిలువ ఉన్న మంచినీళ్లల్లనే గుడ్లు పెడతది. శుక్రవారం శుక్రవారం ఇంట్ల నిలువ నీళ్లన్ని పారబోసి, తొట్లు రుద్ది కడిగి ఆరబెట్టాలె."

డెంగీ అన్న మాట వినగానే నాకు నిజంగానే భయమేసింది. స్వప్న వైపు చూశాను. పుట్టబోయే బిడ్డ తలుపు దగ్గర దోమలు బారులు తీరి నిలబడినట్టు అనిపించింది. డాక్టరమ్మ ఆ తర్వాత ఇంకో మాట కూడా చెప్పిందట. నేను మాత్రం అప్పటికే లేచి, దోమతెరలు ఏ దుకాణంలో దొరుకుతాయా అని ఆలోచిస్తున్నాను.

అదే నెలలో నా మరదలు స్రవంతి పెళ్లి. పెళ్లి అత్తగారింటి ముందు పందిట్లోనే. పెళ్లికి వారం ముందే మేం తరిగొప్పుల చేరాం. అందరూ బట్టలూ నగలూ తెచ్చుకుంటే నేను దోమతెరలు తెచ్చాను. దిగీ దిగగానే ఇంటి చుట్టూ ఒక ప్రదక్షిణ చేశాను. పగిలిన బకెట్టు, పాత టైరు, కోళ్లు తాగే చిప్ప, అన్నీ బోర్లించాను. గేదెల తొట్టి కూడా ఒంపేశాను. మేత నుంచి వచ్చిన గేదెలు ఖాళీ తొట్టి వైపోసారి, నా వైపోసారి చూశాయి. మా అత్తమ్మ కూడా సరిగ్గా అలాగే చూసింది.

"ఏందిది బిడ్డా?" అంది.

"దోమలు అత్తమ్మా. స్వప్న కోసం," అన్నాను.

స్వప్న పేరెత్తాక ఆవిడ ఇంకేమంటుంది. "మంచిదే, మంచిదే," అని మళ్లీ తొట్టి నింపించింది. ఆ 'మంచిదే' విని నాకు కొమ్ములొచ్చాయి.

శుక్రవారం రానే వచ్చింది. మర్నాడు పెళ్లి. ఇంటివాళ్లంతా పందిట్లో ఉప్మా తింటున్నారు. నేను ఫోన్ లైటు వేసుకుని గదులన్నీ వెతుకుతూ దేవుడి అర్రలోకి వెళ్లాను. మూలన ఒకదాని మీద ఒకటి పేర్చి కుండలు కనిపించాయి. తెల్ల సున్నం, ఎర్రమట్టి జాజుతో చుట్టూ గీతలూ పువ్వులూ, మీద మూకుళ్లు. పై కుండ దించి అవతల పెట్టి, మూకుడెత్తి చూశాను. నీళ్లు. పచ్చగా ఉన్నాయి. పైన ఆకులు తేలుతున్నాయి.

చదివేవాళ్లకు ఈపాటికి అర్థమై ఉంటుంది, అవి పసుపు కలిపి మామిడాకులు వేసిన నీళ్లని. సైన్సు సారుకు అర్థం కాలేదు. నీళ్లు నిలువ ఉండి ఉండి మురిగిపోయాయనీ, కిటికీలోంచి చెత్త ఎగిరొచ్చి పడిందనీ తేల్చేశాను. ఇంత పెద్ద ఇంట్లో ఒక్కరికీ ఈ మూల కనిపించలేదా అని కాస్త జాలి కూడా పడ్డాను.

ఒక్కో కుండా దొడ్లోకి మోసి, నీళ్లన్నీ జామచెట్టు మొదట్లో పారబోశాను. అంతటితో ఆగినా బాగుండేది. దోమ గుడ్లు పాత్ర గోడలకు అంటుకుని ఉంటాయని పిల్లలకు పాఠం చెప్పినవాణ్ని నేను. లోపల బూడిద వేసి పీచుతో రుద్దాను. సగం పని చేసి వదలడం నాకు చేతకాదు కాబట్టి బయట కూడా రుద్దాను. సున్నం పోయింది, జాజు పోయింది, పువ్వులు పోయాయి. నున్నగా, ఎర్రగా మెరుస్తున్న కుండల్ని గోడ మీద ఎండకు బోర్లించి, చేతులు కడుక్కుని, పందిట్లోకి వచ్చి రెండోసారి ఉప్మా పెట్టించుకున్నాను.

రాజవ్వ దేవుడి అర్రలో దీపం పెట్టడానికి వెళ్లింది. రాజవ్వ అంటే మా మామయ్య మేనత్త, ఆ ఇంటికి సుప్రీంకోర్టు. లోపలి నుంచి ఆమె గొంతు మెల్లగా వచ్చింది.

"కుండలేవే?"

ఎవరికీ తెలియదు. నేను ఉప్మా మింగి, పిలవని పేరంటానికి వెళ్లినట్టు సమాధానం చెప్పాను.

"నేనే అవ్వా. కడిగి బోర్లించిన."

"ఏం కుండలు?"

"గా మూలకున్న కుండలు. నీళ్లు మురిగిపోయినయ్, పచ్చగైనయ్. మీరు చూస్కోలేదు."

పందిట్లో డప్పులవాళ్లు ఛాయ్ గ్లాసులు కింద పెట్టారు. మా అత్తమ్మ అక్కడే పీట మీద కూలబడింది.

స్వప్న నన్ను పక్కకు లాగింది. "అవి ఐరేని కుండలు. నిన్న నువ్వు దోమల మందుకు జనగామ పోయినప్పుడు కుమ్మరోళ్లింటికి డప్పులతోని పోయి, దండం పెట్టి తెచ్చినం. ముత్తైదువలు ఊరబాయి నీళ్లు తెచ్చి నింపిన్రు. ఆ నీళ్లతోనే రేపు చెల్లెకు మంగళస్నానం. ఇగ నేను ఊళ్లె మొఖమెట్ల చూపియ్యాలె?"

"మరి ముందే చెప్పాలె గదా."

"ఏమని చెప్పాలె? పెండ్లిల కుండలు తోముతవని నాకు కలొచ్చిందా?"

అప్పుడు తెలిసింది అసలు ప్రమాదం. ఐరేని కుండ కదిలితేనే అపశకునం అంటారట. ఇక ఒంపి, తోమి, గోడ మీద ఎండబెట్టడానికి శకునశాస్త్రంలో పేరే లేదు. పైగా పెళ్లికొడుకు నాయనమ్మ లచ్చవ్వ శకునాల మనిషి. మాట ముచ్చట నాడు ఎవరో తుమ్మారని తాంబూలాలు వాయిదా వేయించిన ఘనత ఆమెది. మగపెళ్లివాళ్లు ఆ సాయంత్రమే దిగుతున్నారు. ఈ కబురు ఆమె చెవిన పడితే వచ్చిన బండ్లు వచ్చినట్టే తిరిగిపోతాయి.

స్రవంతి చేతుల నిండా గోరింటాకుతో గుమ్మంలోకి వచ్చింది. "బావా, నా పెండ్లి ఆగితే ఇంకో పిలగాన్ని నువ్వే తేవాలె," అంది. నవ్వుతూనే అంది గానీ కళ్లల్లో నీళ్లున్నాయి. ఆ నీళ్లు చూశాక ఉప్మా పళ్లెం ఎక్కడ పెట్టానో కూడా తెలియలేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

ఈలోగా, పెళ్లికి పిలిచిన సుగుణమ్మ గారు ముందు రోజే చూసి పోదామని కారు దిగింది. మునిగిపోతున్నవాడికి తాడు దొరికినట్టయింది నాకు.

"మేడం, మీరే చెప్పండి. నిలువ నీళ్లు పారబోయమన్నరా లేదా?"

"అన్న."

"విన్నరా అవ్వా? డాక్టరమ్మనే చెప్పింది."

డాక్టరమ్మ కళ్లద్దాలు తీసింది.

"పారబోయాలె, పారబోయరాకుంటే మూత పెట్టాలె అన్న. ఆ కుండలకు మూతలున్నయా?"

"మూకుళ్లున్నయ్."

"మూకుడున్న కుండల దోమ ఎట్ల దూరుతదయ్యా? దానికి నీలెక్క మూత తీసుడొస్తదా?"

పందిరంతా నవ్వింది. ఒక్క రాజవ్వ నవ్వలేదు. కర్ర ఆనించుకుని లేచి తీర్పు చెప్పింది.

"అయ్యిందేదో అయ్యింది. గడప దాటి ముచ్చట బయటికి పోవద్దు. కుమ్మరామెను పిలిచి మల్ల సున్నం, జాజు పెట్టియ్యుండ్రి. నీళ్లు పారబోసినోడే నింపాలె."

"నేనెట్ల అవ్వా? ఆడోళ్ల పని గదా."

"తోమింది ఆడోళ్లా?"

మధ్యాహ్నం దాటాక కుండలు మళ్లీ పువ్వులతో తయారయ్యాయి. నాకు పంచె కట్టి, నెత్తిన చుట్టకుదురు పెట్టి, దాని మీద నీళ్ల బిందె ఎత్తారు. ముందు డప్పులు, తర్వాత నేను, వెనక ముత్తైదువలు. ఊరబాయి నుంచి ఇంటిదాకా దారి పొడుగునా బురద. నేను ఒక్కడుగు వేస్తే బిందె రెండు వైపులా ఊగేది. చల్లటి నీళ్లు మెడ మీదుగా వీపులోకి దిగుతుంటే నా నడక దానంతటదే మారిపోయింది. అది చూసి డప్పులవాళ్లు నేను చిందేస్తున్నాననుకుని దరువు పెంచారు.

అరుగుల మీది వాళ్లంతా లేచి నిలబడ్డారు. "ఎవలే ఆ పిలగాడు?" "పెద్దల్లుడట." "ఏమైందట?" "ఏమో, చదువుకున్నోడట." ఆ రెండో కబురుతో వాళ్ల అనుమానం తీరిపోయినట్టుంది, మళ్లీ కూర్చున్నారు.

సరిగ్గా అప్పుడే మూల మలుపులో మగపెళ్లివారి బండి ఎదురొచ్చి ఆగింది. సాయంత్రం రావలసినవాళ్లు వాన పడుతుందని తొందరగా బయలుదేరారట. ముందు సీట్లోంచి లచ్చవ్వ దిగింది. పక్కన పెళ్లికొడుకు నవీన్. నన్ను కింది నుంచి మీదికి చూసింది. బిందె నా నెత్తి మీద వణుకుతోంది, లోపల నేను అంతకన్నా ఎక్కువ వణుకుతున్నాను. ఇప్పుడొక్క తుమ్ము వచ్చినా స్రవంతి పెళ్లి పెటాకులే.

"మొగోడు ఐరేని నీళ్లు తెచ్చుడేంది?" అని అడిగింది.

రాజవ్వ కర్ర చప్పుడు చేసుకుంటూ ముందుకొచ్చింది.

"మా పెద్దల్లుడు. మరదలు చల్లగుండాలని మొక్కుకున్నడు. మా ఇండ్లల్ల పెద్దల్లుడు నీళ్లు మోస్తే, ఎనుక వచ్చే అల్లుడు బిడ్డను నెత్తిన పెట్టుకుని చూస్కుంటడు. నీకు తెల్వదా?"

లచ్చవ్వకు తెలియదు. తెలియదని ఒప్పుకోవడం ఆమెకు ఇష్టం లేదు. "ఎందుకు తెల్వది, మా తల్లిగారింట్ల గూడ ఉన్నది," అంది. నా దగ్గరికి వచ్చి, తడిసిన గడ్డం పట్టుకుని ముద్దాడింది. "గిసొంటి అల్లుడు దొరకాలంటే పెట్టి పుట్టాలె." అక్కడితో ఆగలేదు. వెనక్కి తిరిగి మనవడిని పిలిచింది. "అరే నవీన్, చూసినవా? వచ్చే ఏడు వీళ్లింట్ల ఇంకో పెండ్లి అయితదట. గప్పుడు బిందె నువ్వు మొయ్యాలె."

నవీన్ నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. గేదెలు నయం.

పెళ్లి బ్రహ్మాండంగా జరిగింది. చలికాలంలో మాకు ఆడపిల్ల పుట్టింది, తల్లికీ పిల్లకూ దోమకాటు కూడా లేదు. మరుసటి ఏడు మా అత్తగారి మరిది కూతురు పెళ్లిలో నవీన్ బిందె మోశాడు. ఆ తర్వాత ఆ పెళ్లికొడుకు మోశాడు, వాడి తర్వాత ఇంకొకడు. ఇప్పుడు ఆ వంశంలో అల్లుడు తడవకుండా పెళ్లి కావడం లేదు. లచ్చవ్వ వాళ్ల వైపు కూడా మొదలుపెట్టారని విన్నాను.

మొన్నటి పెళ్లిలో ఒక కొత్త అల్లుడు, హైదరాబాదులో కంప్యూటర్ ఉద్యోగం, బిందె కింద మూలుగుతూ నవీన్‌ను అడిగాడు. "అన్నా, ఎందుకే మనకీ తిప్పలు?"

"తాతల కాలం నుంచి ఉన్నదట తమ్మీ," అన్నాడు నవీన్ భక్తిగా. "మన పెద్దలు ఏది చేసినా దాని ఎనుక సైన్సు ఉంటది. కావాలంటే సారును అడుగు."

ఇద్దరూ నా వైపు తిరిగారు. నేను గంభీరంగా తలూపాను.

కాబట్టి పాఠకుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట డాక్టరు మాట ఆఖరిదాకా విన్నాకే కుర్చీలోంచి లేస్తాను. పెళ్లింట్లో మూత ఉన్న కుండ జోలికి పోను, అందులో దోమలు కచేరీ పెట్టినా సరే. ఇక ఆ బిందె కథ మాత్రం తోడల్లుళ్లలో ఒక్కడికీ ప్రాణం పోయినా చెప్పను. మీరు కూడా చెప్పకండి, వాళ్లంతా నాకన్నా బలంగా ఉంటారు.