చింతగింజల అంచు

సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే మోగడం మొదలైన రోజులు. వనపర్తిలో టీచర్ల శిక్షణ తరగతులకు నన్ను ఒక పూట మాట్లాడమని పిలిచారు. రోజువారీ పనిలో సృజనాత్మకత ఎలా పెంచుకోవాలి అన్నది అంశం. నేను నాగర్‌కర్నూలు పక్క ఊళ్లో సైన్సు చెప్పేవాణ్ణి. హేతువాద సభల్లో గొంతు చించుకునే అలవాటూ ఉండేది. రెండు గంటలు దంచాను. ప్రశ్నించనివాడి చేతిలో ఏ పనీ ఎదగదన్నాను. చప్పట్లు కొట్టి దండ వేశారు. ఆ దండ వాడకముందే గద్వాలలో అక్క ఇంటికి బస్సెక్కాను.

బావ నేత పని చేసేవాడు. ఆయన మగ్గానికి ఇరవై ఏళ్లుగా రాట్నం మీద నూలు కండెలు చుట్టేది అక్క. ఎవరైనా అడిగితే మాత్రం, "ఆయన నేస్తడు, నేను ఉట్టిగనే ఉంట" అనేది. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండేది.

అంతకుముందు వేసవిలో ఆమె ఎంత ఉట్టిగా ఉందో కళ్లారా చూశాను. వంటింటి బండల మీద చింతగింజలు పరిచి కూర్చునేది. ఒక్కో గింజ ఒక్కో పోగు లెక్క. జొన్నకంకి, దాని పక్కన వంగిన ఆకు. ఒక గింజ తప్పితే కంకి వంకరపోయేది. మళ్లీ మొదటి నుంచి లెక్క. మూడో తరగతి దాటని మనిషి ఎండాకాలమంతా అలా పేర్చి, చివరికి నా గళ్ల నోటుబుక్కులోకి ఎక్కించింది. ఒక కాగితం చించుకుని దాని మీద శుభ్రంగా మళ్లీ గీసింది. ఆ కంకి చీర అంచు మీదికి రావాలి. ఆమె కోరిందల్లా అదొక్కటే.

నూలూ పట్టూ ఇచ్చి, నేసిన చీరలు తీసుకుపోయే సేటు ఒకాయన ఉండేవాడు. ఏ అంచు నేయాలో చెప్పేదీ ఆయనే. బావ కాగితం ఇస్తే మడత కూడా విప్పలేదట. దాని మీద వక్కపొడి పోసుకుని నోట్లో వేసుకుంటూ, "ఆడిమనిషి గీసిన అంచా? కండెలు సుట్టుమను" అన్నాడట. అక్క గింజలన్నీ డబ్బాలోకి ఎత్తింది.

ఈసారి వెళ్లేసరికి మగ్గానికి పసుపూ కుంకుమా పూసి ఉన్నాయి. కింద పగిలిన కొబ్బరిచిప్పలు. వాడకట్టు ఆడవాళ్లు నిలబడి దండం పెడుతున్నారు. మగ్గం మీద, ఎర్రటి అంచులో, జరీ జొన్నకంకులు. ఒక్కటీ వంకరలేదు.

"ఏంది బావా ఇది?"

"అమ్మవారు కలలకొచ్చింది" అన్నాడు నా కళ్లలోకి చూడకుండా. "మీ అక్క కలల. చేతుల కంకి పట్టుకొని, గీ అంచు నేయుమన్నదట. లేసి గట్లనే గీసి ఇచ్చింది."

అరుగు మీది నుంచి సేటు అందుకున్నాడు. "అమ్మ చెప్పినంక మనం కాదంటమా సారూ? నేనే ఈ అంచుకు బొక్కల అట్టలు కొట్టిచ్చి మగ్గానికి ఎక్కిచ్చిన."

నేను అక్క వైపు తిరిగాను. రాట్నం తిప్పుతూనే తల అడ్డంగా ఊపింది. వద్దని. చూశాను. చూసి కూడా ఆగలేదు.

"ఏ అమ్మా రాలే! కలా లేదు, గిలా లేదు. మా అక్క చింతగింజలు పేర్చి ఎండకాలమంత లెక్కేసింది. సూస్తరా?" సంచిలోంచి అప్పటి గళ్ల నోటుబుక్కు తీసి అందరి ముందూ విప్పాను.

దండం పెడుతున్న చేతులు దిగిపోయాయి.

"గిదేంది వదినా, ఉత్తదేనా?" అంది ఒకామె.

"రేపు అమ్మ మా ఇంటికి గూడ వస్తదేమో, కండెలు సుట్టనీకె!" అంది ఇంకొకామె. నవ్వులు.

సేటు లేచాడు. "నాతోని ఉత్తగనే టెంకాయ కొట్టిచ్చిండ్రా? ఏమయ్యా, ఈ చీర దించినంక అట్టలు ఇప్పెయ్. పాత కోటకొమ్మల అంచే ఎయ్."

"సరే సేటూ" అన్నాడు బావ.

"ఇంతసేపూ మొక్కింది ఈ కంకికే గద! అమ్మదైతే అందం, మా అక్కదైతే తప్పా?"

"మీ పాఠం బడిల చెప్పుకోండ్రి సారూ" అని సేటు చెప్పులేసుకుని వెళ్లిపోయాడు.

ఆ ప్రశ్నకు ఈనాటికీ ఎవరూ నాకు జవాబు చెప్పలేదు. ఆడదాని వేళ్లు కావాలి, నడుము కావాలి, ఇరవై ఏళ్ల కండెలు కావాలి. ఆమె బుర్ర మాత్రం ఏ దేవతో పూని పలికితేనే చెల్లుతుంది! ఆ ఇంట్లో ఆమె ఆలోచనకు చోటు లేదు గనకే ఆమె దేవతను పిలుచుకుంది. నేను వెళ్లి దేవతను తరిమాను. ఇల్లు అలాగే ఉంది. ఆ వాడకట్టు మీద ఎంత కోపమో, ఊపిన ఆ తలను చూసి కూడా నోరు మూసుకోని నా మీద నాకు అంత కోపం.

అందరూ వెళ్లాక, "నిజమే చెప్పిన గద అక్కా" అన్నాను.

"నాకు తెల్వదా నిజం? గింజలు పేర్చింది నువ్వా, నేనా?" రాట్నం ఆపింది. "జర పదిమంది ఆ చీర కట్టనిస్తివా తమ్మీ? ఊరంత బాగుందన్నంక, నాదే అని నేనే చెప్పుకుందుననుకున్న. నీకు ఆత్రం."

ఆమె లేచి వంటింట్లో డబ్బా దించింది. బండల మీద గింజలు గలగలా పడ్డాయి.

"ఆ బుక్కు ఇచ్చిపో" అంది నా వైపు చూడకుండా. "ఈపారి నేను పిలిస్తెనే రా."

ఇచ్చాను.