చిన్న రైలు బ్రేకు మనిషి

ఆ మనిషి కాలు ఒక చోట నిలిచేది కాదు. కంచం ముందు కూడా సగం కూర్చునీ సగం లేచీ తినేవాడు. "వీడు కాలికి చక్రాలు కట్టుకుని పుట్టాడు" అని తల్లి విసుక్కునేది. ఆ మాట నలుగురి నోళ్ళలో నలిగి నలిగి చివరికి ఆయన పేరే చక్రం అయి కూర్చుంది. అసలు పేరు చెప్పి అడిగితే ఇల్లు చూపించేవాళ్ళు లేరు.

అలాంటివాడికి చిన్న రైలు మీద కొలువు దొరకడం ఈతగాడికి ఏరు దొరికినట్టే అయింది.

కొండ మీది గనిలో తవ్విన ఖనిజాన్ని కింద జంక్షన్‌కి చేర్చడానికి వేసిన లైను అది. పెద్ద రైలు ఆ మలుపుల్లో తిరగలేదు గనక సన్న పట్టాలు వేశారు. రెండు పట్టాల మీదా చెరో కాలు వేసి నిలబడొచ్చు, అంతే వెడల్పు. దానికోసం కొండ తొలిచిన వాళ్ళలో చక్రం నాన్న ఒకడు. మొదట్లో రాయీ మట్టీ మాత్రమే దిగేవి. తర్వాత పైన ఇళ్ళు లేచాయి. ఇళ్ళు లేచాక పిల్లలు, రోగాలు, చుట్టరికాలు మొదలయ్యాయి. దాంతో వ్యాగన్ల వెనక మనుషుల కోసం ఒక పెట్టె తగిలించారు. మందుబిళ్ళ పైకెక్కాలన్నా మనిషి కిందికి దిగాలన్నా అదే దారి.

ఎక్కేటప్పుడు ఇంజను గొప్ప, దిగేటప్పుడు బ్రేకు గొప్ప అనేవాళ్ళు అక్కడ. ప్రతి వ్యాగన్‌కీ ఒక ఇనపచక్రం ఉంటుంది. తిప్పితే బ్రేకు బిగుస్తుంది. బండి వాలులో పడ్డాక బ్రేకు మనుషులు ఒక వ్యాగన్ మీంచి ఇంకోదాని మీదికి దూకుతూ, బిగిస్తూ, వదులుతూ రావాలి. తక్కినవాళ్ళు ప్రాణం అరచేతిలో పెట్టుకుని చేసే పనిని చక్రం ఈల వేసుకుంటూ చేసేవాడు.

పైన ఖనిజం ఏరే ఆడవాళ్ళలో ఒకమ్మాయి ఉండేది. వ్యాగన్లు నిండేదాకా ఆమెతో కబుర్లు చెప్పేవాడు, అదీ అటూ ఇటూ తిరుగుతూనే.

"నీతో మాట్లాడితే మెడ నొప్పి పుడుతోందయ్యా. పెళ్ళయితేనైనా ఒక చోట కూర్చుంటావా?" అని అడిగింది ఆమె ఒకరోజు.

"కూర్చోను. కానీ ఎంత తిరిగినా ఇంటికే వస్తాను."

ఆ జవాబు ఆమెకి నచ్చింది. పెళ్ళి చేసుకుని జంక్షన్ పక్కన ఒంటిగది ఇంట్లో కాపురం పెట్టారు. ఆమె అక్కా బావా మాత్రం కొండ మీదే ఉండిపోయారు.

ఒక వానాకాలం మధ్యాహ్నం, బండి ఖాళీ వ్యాగన్లతో కొండెక్కుతోంది. వెనక పెట్టె నిండా మనుషులు. వాళ్ళలో ఆసుపత్రి నుంచి చంటిబిడ్డతో ఇంటికెళ్తున్న భార్య అక్క, అంటే చక్రానికి వదిన, కూడా ఉంది. లోయ మీది వంతెన దాటి కొంత దూరం వెళ్ళాక టప్పున శబ్దమైంది. ఇంజనుకీ వ్యాగన్లకీ మధ్య కొలికి తెగింది. ఇంజను ముందుకెళ్ళిపోయింది. వెనక వ్యాగన్లూ పెట్టే ఒక్క క్షణం తటపటాయించినట్టు ఆగి, మెల్లిగా వెనక్కి జారడం మొదలుపెట్టాయి.

తెగిన వైపు ఉన్న బ్రేకు మనిషి చక్రం ఒక్కడే.

మొదటి వ్యాగన్ బ్రేకు బిగించాడు. పట్టాలు తడిసి ఉన్నాయి, బండి ఆగలేదు. రెండో వ్యాగన్ మీదికి దూకాడు. అక్కడి ఇనపచక్రం చేతిలో ఉత్తినే గిర్రున తిరిగింది. లోపల ఏదో విరిగింది, బ్రేకు పట్టుకోవడం లేదు. పెట్టెలోంచి అరుపులు వినపడుతున్నాయి. పాకుతూ మూడోదాని మీదికి పోయి, ఒళ్ళంతా దాని మీద వేసి తిప్పాడు. ఇనుము కీచుమంది. పెట్టె వంతెన ఎక్కేసింది. ఇంకా జారింది, ఇంకా కొంచెం జారింది, ఆగింది.

వదిన కిటికీలోంచి కిందికి చూసింది. కింద నేల లేదు, వాన తప్ప ఏమీ లేదు.

ఆయన్ని అందరూ భుజాల మీద మోశారు. ఆయన మాత్రం నవ్వలేకపోయాడు. అప్పటిదాకా ఆయన కాళ్ళలో ఉన్నది హుషారు. ఆ మధ్యాహ్నం నుంచి అది భయమైంది. చేతిలో ఉత్తినే తిరిగిన ఆ ఇనపచక్రమే గుర్తొచ్చేది. బండి కదిలేముందు ప్రతి వ్యాగన్ బ్రేకూ తిప్పి చూసేవాడు. మళ్ళీ వెనక్కొచ్చి మొదటిది చూసేవాడు. ఇంట్లో కాలుగాలిన పిల్లిలా తిరిగేవాడు. ఈల మానేశాడు.

"బండి ఆగిందయ్యా. నువ్వే ఆపావు" అనేది భార్య.

"ఈసారికి ఆగింది" అనేవాడు.

ఏళ్ళు గడిచాయి. కొండ అవతలి వైపు నుంచి గనికి లారీల రోడ్డు పడింది. ఖనిజం అటు మళ్ళింది. పాత ఇళ్ళున్న ఇటువైపుకి ఆ రోడ్డు రాలేదు. చిన్న రైలు ఇవాళ నడిచి రేపు ఆగి, చివరికి పూర్తిగా ఆగిపోయింది. పైవాళ్ళు లైను వెంట నడిచి, వంతెన మీదుగానే దిగేవాళ్ళు. పట్టాలు పీకి ఇనుము అమ్ముకునే పని ఒక కాంట్రాక్టరు తీసుకున్నాడు. ఆ లైనులో రాయీ రప్పా తెలిసినవాడని చక్రాన్నే మేస్త్రీగా పెట్టుకున్నాడు. నాన్న వేసింది కొడుకు పీకాలి. మనసొప్పకపోయినా, ఇంట్లో ఊరికే కూర్చోవడం ఆయన వల్ల అయ్యే పని కాదు.

పై నుంచి పీక్కుంటూ వంతెన దాకా వచ్చారు.

"రేపు వంతెన. పట్టాలూ దూలాలూ మొత్తం దించెయ్యి మేస్త్రీ" అన్నాడు కాంట్రాక్టరు.

ఆ సాయంత్రం ఆ మాట ఇంట్లో చెప్పగానే భార్య చేతిలో గిన్నె కింద పెట్టేసింది. "వంతెన తీస్తే మా అక్క ఎలా దిగుతుంది? బావకి ఊపిరి అందని రోజున ఏ దారిన తెస్తారు?"

"ఇనుము ఆయనది. నేను కూలివాణ్ణి."

"ఆ రోజు అంతమందిని వంతెన మీద ఆపింది ఇందుకేనా? ఇప్పుడు నీ చేత్తోనే దారి తెంచుతావా?"

ఆయన చెప్పులేసుకుని బయటికి నడిచాడు.

మర్నాడు పనివాళ్ళు బోల్టులు విప్పే పానాలు పట్టుకుని వంతెన దగ్గర నిలబడ్డారు. చక్రం పట్టాలు విప్పించాడు. వంతెనని మోసే ఇనప దూలాల దగ్గరికి వచ్చేసరికి చెయ్యెత్తి ఆపేశాడు.

"ఇవి ఉంటాయి, అయ్యా."

"ఉండడానికి ఇవేమైనా నీ తాతవా?" కాంట్రాక్టరు గొంతు లేచింది.

"తాతవి కావు. పైన మనుషులున్నారు. నన్ను మాన్పించి ఇంకొకణ్ణి పెట్టుకోండి. నా చేత్తో విప్పను."

పనివాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వాళ్ళలో సగంమందికి పైన చుట్టాలున్నారు. ఒకడు పానా కింద పడేశాడు. ఇంకొకడు దాని మీదే కూర్చున్నాడు. కాంట్రాక్టరు తిట్టాడు, వెళ్ళాడు, కొత్త కూలీల కోసం తిరిగాడు. లోయ లోతు చూసిన కొత్తవాళ్ళు వచ్చిన దారినే పోయారు. చివరికి ఆయన పట్టాలు లారీకెక్కించుకుని, చక్రానికి ఇక కొలువు లేదని చెప్పి, దూలాలని వాటి ఖర్మకి వదిలేశాడు.

పట్టాల కింద మిగిలిపోయిన స్లీపరు చెక్కల్ని చక్రం దూలాల మీద ఒకదాని పక్కన ఒకటి పరిచి బిగించాడు. పైవాళ్ళు అటునుంచి, కిందివాళ్ళు ఇటునుంచి చెక్కలు మోశారు. వదిన మొగుణ్ణి చెయ్యి పట్టి నడిపించుకుంటూ దాటింది. మధ్యలో ఆగి, "మరిదీ, ఈసారి కిందికి చూడను" అంది. అందరూ నవ్వారు. చక్రమూ నవ్వాడు.

దాంతో ఆయన కుదురుగా కూర్చున్నాడనుకుంటే పొరపాటే. లారీ మీద పనికి చేరి, ఆ ఊపుకి కడుపులో తిప్పిందని మానేశాడు. జంక్షన్‌లో మూటలు మోశాడు. వాన పడితే చాలు, పని వదిలేసి వంతెనకి పరిగెత్తేవాడు. ప్రతి చెక్క మీదా కాలితో తన్ని, కదిలినదాన్ని బిగించి, మళ్ళీ మొదటి చెక్క దగ్గరికి వచ్చేవాడు. ఒద్దని చెప్పి చెప్పి భార్య నోరు నొప్పెట్టింది.

జుట్టు తెల్లబడ్డాక ఒక వానరోజు ఆయన గొడుగు వెతుక్కుంటుంటే, ఆమే తలుపు గొళ్ళెం తీసి ముందు బయటికి వచ్చింది.

"నువ్వెక్కడికే ఈ వానలో?"

"నిన్ను కూర్చోబెట్టడం నా వల్ల కాలేదు. ఇంట్లో కూర్చుని నీ కోసం దిగులుపడడం అంతకన్నా కావడం లేదు. పద, ఇటు చెక్కలు నేను చూస్తాను, అటువి నువ్వు చూడు."

ఆయన గొడుగు విప్పాడు. ఒక గొడుగు కిందే ఇద్దరూ కొండ దారి పట్టారు. ఆయన నడక వడిది, ఆమెది నిదానం. అడుగడుక్కీ ఆయన ముందుకి పోవడం, ఆమె తడిసిపోతోందని మళ్ళీ వెనక్కి రావడం, దారంతా అదే వరస.